‘మహిళలు’ అనాలా, ‘గర్భసంచి ఉన్నవారు’ అనాలా?

మా పెద్దమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ‘సర్వైకల్ క్యాన్సర్‌ను ముందే కనిపెట్టవచ్చు, నేడే స్క్రీనింగ్ చేయించుకోండి’ అని. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ‘‘నా మెడ నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందిగా, మళ్ళీ ఇదేంట్రా?’’ అంది.

నాకు నవ్వొచ్చింది గానీ తప్పు ఆవిడది కాదు. మన ఇళ్ళలో సర్వైకల్ అంటే మెడే. మెడకు కాలర్ వేసుకున్నవాళ్ళని పలకరిస్తే ‘సర్వైకల్ అండీ’ అనే జవాబు వస్తుంది. లాటిన్‌లో సెర్విక్స్ అంటే మెడ. గర్భసంచి కింది కొస సన్నబడి మెడలా ఉంటుంది కాబట్టి వైద్యులు దానికీ ఆ పేరే పెట్టారు. పత్రికలవాళ్ళు గర్భాశయ ముఖద్వారం అని రాస్తారు. పెద్దమ్మకి లాటిన్ రాదు గానీ, ఆ మాటకి ఆవిడ చెప్పుకున్న అర్థం లాటిన్ ప్రకారం సరైనదే.

ఆ మెసేజ్‌లో లేనిది ఒకే ఒక్క మాట. ‘మహిళలు’ అని ఉంటే, సర్వైకల్ ఏమిటో తెలియకపోయినా, ఇది మెడ సంగతి కాదని ఆవిడకు తట్టేది. రాసినవాళ్ళు బహుశా మరిచిపోయి ఉంటారు. కానీ ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో సరిగ్గా ఆ ఒక్క మాట ఉండాలా వద్దా అన్నదాని మీదే కొన్నేళ్ళుగా రగడ నడుస్తోంది. ఇలాంటి కరపత్రాలు తెలుగులో రాయడం నా పనిలో ఒక భాగం కాబట్టి ఆ రగడ నాకు దూరపు వార్తలా అనిపించదు.

2018లో క్యాన్సర్ రీసెర్చ్ యూకే అనే బ్రిటిష్ సంస్థ తన ప్రచారంలో, 25 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న ‘సెర్విక్స్ ఉన్న ప్రతి ఒక్కరికీ’ ఈ పరీక్ష వర్తిస్తుందని రాసింది. 2020 జులైలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ, పరీక్షలు 21వ ఏట కాదు 25వ ఏట మొదలుపెట్టండని మార్గదర్శకాలు మార్చింది. అందులో వాడిన మాట ‘సెర్విక్స్ ఉన్న వ్యక్తులు’. సీఎన్ఎన్ ఆ మాటతోనే ట్వీట్ చేసింది. వయసు మారిందన్న అసలు కబురు ఎటో పోయింది. ‘మహిళలు అనడానికి నోరు రాలేదా’ అన్నదే ఆ వారం చర్చ. మరుసటి ఏడాది సెప్టెంబరులో లాన్సెట్ వైద్యపత్రిక ముఖచిత్రం మీద ‘యోని ఉన్న దేహాల’ శరీరశాస్త్రాన్ని చరిత్ర పొడుగునా నిర్లక్ష్యం చేశారని ఒక వాక్యం అచ్చయింది. ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని పట్టించుకోలేదని బాధపడే వాక్యంలోనే ఆడవాళ్ళు లేకుండా పోయారు. సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2022లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్, అండాశయ క్యాన్సర్ సమాచారంలో ‘మహిళలు’ అన్న మాటను తగ్గించి ‘అండాశయాలు ఉన్న ఎవరికైనా’ అని మార్చిందని బయటపడింది. అప్పటి ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ బాహాటంగానే అభ్యంతరం చెప్పారు.

దీన్ని సంప్రదాయవాదులకీ ఆధునికులకీ మధ్య జగడంగా చూస్తే విషయం సగమే తెలుస్తుంది. రెండు వైపులా ఉన్నవాళ్ళ భయం ఒకటే. పరీక్ష అవసరమైన మనిషి ఆ వాక్యం చదివి ‘ఇది నా గురించి కాదు’ అనుకుని పక్కన పెట్టేస్తుందేమో, పెట్టేస్తాడేమో అని. ఆ మనిషి ఎవరన్న దగ్గరే తేడా.

ముందు మన భాషలో ఉన్న ఒక చిక్కు విప్పుకోవాలి. తెలుగులో ‘లింగం’ అనే ఒక్క మాట మీద మోయలేనంత బరువుంది. పుట్టుకతో వచ్చిన శరీరాన్ని లింగం అంటాం. సమాజంలో ఆడా మగా అనే గుర్తింపునీ లింగం అంటాం. వ్యాకరణంలో పుంలింగం, స్త్రీలింగం సరేసరి. ఇక గుడిలో ఉండేదాని సంగతి వేరే చెప్పాలా? అందుకే మొదటిదానికి లింగం, రెండోదానికి జెండర్ అని రాయడం ఇప్పుడు అలవాటైంది. క్యాన్సర్‌కి మాత్రం ఈ రెండింటిలో ఏదీ పట్టదు. దానికి కావలసింది అవయవం. గర్భసంచి ముఖద్వారం ఉన్నచోట ఆ క్యాన్సర్ రావచ్చు, లేనిచోట రాదు. పుట్టుకతో స్త్రీ శరీరం ఉండి, మగవాడిగా బతుకుతున్న వ్యక్తిని ట్రాన్స్ మ్యాన్ అంటారు. ఆయన గడ్డం పెంచుకున్నా, పేరు మార్చుకున్నా, ఆపరేషన్ చేయించుకుంటే తప్ప ఆ అవయవం ఆయనలోనే ఉంటుంది. పుట్టుకతో పురుష శరీరం ఉండి, స్త్రీగా బతుకుతున్న ట్రాన్స్ ఉమన్ విషయంలో, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కూడా అంతే. యోని నిర్మాణ ఆపరేషన్ జరిగినా మామూలుగా ప్రోస్టేట్‌ను తీయరు.

ఇదంతా మాటల గారడీ అనుకునేవాళ్ళు రాబర్ట్ ఈడ్స్ కథ వినాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉండే ట్రాన్స్ మ్యాన్. 1996లో ఆయనకు అండాశయ క్యాన్సర్ బయటపడింది. వైద్యం కోసం తిరిగితే ఒకరిద్దరు కాదు, రెండు డజన్లకు పైగా డాక్టర్లు చూసేది లేదన్నారు. గడ్డం ఉన్న మనిషి వచ్చి తమ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే మిగతా పేషెంట్లు ఇబ్బంది పడతారనేది వాళ్ళ బాధ. చివరికి ఒక బోధనాసుపత్రి చేర్చుకునేసరికి జబ్బు ముదిరిపోయింది. 1999 జనవరిలో ఆయన చనిపోయారు. ఆయనకు తన జబ్బేమిటో తెలుసు, అది ఏ అవయవానికి వచ్చిందో తెలుసు. అడ్డం పడింది కరపత్రంలో మాట కాదు, ‘ఇది ఆడవాళ్ళ ఆసుపత్రి’ అనే బోర్డు. భాషను మార్చాలనేవాళ్ళ వాదనకు మూలం ఇక్కడుంది. ‘మహిళల క్యాన్సర్, మహిళల క్లినిక్, మహిళల వార్డు’ అని ప్రతి మెట్టు మీదా రాసి ఉంటే, ట్రాన్స్ మ్యాన్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు.

రెండో వైపు వాదనా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ‘సెర్విక్స్ ఉన్నవారు’ అన్న మాట పనిచేయాలంటే, ముందు తనకు సెర్విక్స్ ఉందని చదివే మనిషికి తెలిసి ఉండాలి. 2016లో ఈవ్ అపీల్ అనే బ్రిటిష్ క్యాన్సర్ సంస్థ వెయ్యి మంది మహిళలకు స్త్రీ శరీరం బొమ్మ చూపించి అవయవాలు గుర్తుపట్టమంటే, 44 శాతం మంది యోనినే సరిగ్గా చూపించలేకపోయారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశంలో సంగతి ఇది. లోపల ఎక్కడో కంటికి కనబడకుండా ఉండే ముఖద్వారం గురించి ఇక వేరే అడగాలా? అదే ‘మహిళ’ అన్న మాట ఏ భాష నేర్చుకునేవాళ్ళకైనా మొదటి వారంలో వచ్చేస్తుంది. 2022లో కార్లీన్ గ్రిబుల్, ఆమెతో పాటు మరికొందరు పరిశోధకులు గర్భం, ప్రసవం, పాలివ్వడం గురించి రాసే భాష మీద ఒక వ్యాసం వెలువరించారు. స్త్రీ, తల్లి అన్న మాటలు తీసేసి అవయవాల పేర్లు పెడితే చదువు తక్కువ ఉన్నవాళ్ళకూ, ఆ భాష కొత్తగా నేర్చుకున్నవాళ్ళకూ అర్థం కాదన్నారు. మనిషిని అవయవంగా కుదించినట్టు కూడా అవుతుందన్నారు.

ఈ భయం ఊహ కాదనడానికి బ్రిటన్‌లోనే వింతైన సాక్ష్యం దొరికింది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మొదటిసారి జెండర్ గుర్తింపు గురించి అడిగారు. మీ జెండర్, పుట్టినప్పుడు నమోదైన లింగం ఒకటేనా అన్నది ప్రశ్న. 2 లక్షల 62 వేల మంది, అంటే పెద్దల్లో అర శాతం, ఒకటి కాదన్నారు. తర్వాత లెక్కలు విడదీసి చూస్తే ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళలో ఈ జవాబు అనుమానం వచ్చేంత ఎక్కువగా ఉంది. ప్రశ్నే అర్థంకాక టిక్కు పెట్టినవాళ్ళు చాలామంది ఉండొచ్చని తేలింది. 2024లో గణాంక శాఖ స్వయంగా ఆ అంకెల హోదా తగ్గించి, ఇంకా అభివృద్ధి దశలో ఉన్నవనే ముద్ర వేయించుకుంది. ట్రాన్స్ వ్యక్తులను లెక్కలోకి తేవాలని శ్రద్ధగా అల్లిన వాక్యం, వలస వచ్చినవాళ్ళని తికమక పెట్టి, ఆ లెక్కనే పాడుచేసింది.

మరి ఎవరు రైటు? నాకు తోచింది చెప్తాను. గోడ మీద పోస్టరు, పేరుతో ఇంటికి వచ్చే ఉత్తరం, డాక్టరు గదిలో సంభాషణ, ఆసుపత్రి కంప్యూటర్‌లో నింపే గడి. ఇవి నాలుగూ వేర్వేరు పనులు చేస్తాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, అన్నిచోట్లా ఒకే మాట ఉండాలని పట్టుబట్టడం వల్లే ఇంత గొడవ.

2023లో జోస్ సెర్వైకల్ క్యాన్సర్ ట్రస్ట్ అనే బ్రిటిష్ సంస్థ మీద విరుచుకుపడిన తుఫాను చూడండి. ట్రాన్స్ మ్యాన్, నాన్ బైనరీ (తమను ఆడా మగా అని చెప్పుకోని) పేషెంట్లతో మాట్లాడే వైద్య సిబ్బంది కోసం ఆ సంస్థ ఒక చిన్న పదపట్టిక పెట్టింది. ‘యోని’ అన్న మాట వినడానికే ఇబ్బంది పడే పేషెంటు ఉంటే బదులుగా ఏ మాట వాడవచ్చో అందులో ఉంది. గదిలో, తలుపు వేసుకుని, ఒక మనిషిని అడిగి వాడే మాట అది. బయటికొచ్చేసరికి ‘ఇకపై ఆడవాళ్ళ శరీరాన్ని ఇలా పిలుస్తారట’ అయి కూర్చుంది. నాలుగు గోడల మధ్య మర్యాదగా పనికొచ్చే మాట నడివీధిలో బూతులా వినిపిస్తుంది. తిరగేసి చెప్పినా నిజమే. వీధిలో లక్షల మందికి ఉపయోగపడే ‘అమ్మలారా, అక్కచెల్లెళ్ళారా’ అన్న పిలుపు, ఆ గదిలో కూర్చున్న గడ్డపు మనిషికి ముల్లులా గుచ్చుకుంటుంది.

అసలు కంప్యూటర్ గడి గురించి ఎవరూ పెద్దగా అరవరు. ప్రాణాలు పోయేది అక్కడే. ఇంగ్లండ్‌లో గర్భాశయ ముఖద్వార పరీక్షకు పిలుపు ఉత్తరం దానంతటదే వస్తుంది. డాక్టరు దగ్గరి రికార్డులో ‘స్త్రీ’ అని ఉంటే చాలు. ఒక ట్రాన్స్ మ్యాన్ తన రికార్డును ‘పురుషుడు’గా మార్పించుకుంటే ఆ జాబితా నుంచి పేరు జారిపోతుంది, ఉత్తరాలు ఆగిపోతాయి. ముఖద్వారం మాత్రం ఎక్కడికీ పోదు. మరోపక్క ‘స్త్రీ’గా నమోదైన ట్రాన్స్ ఉమన్‌కి, లేని అవయవానికి పరీక్ష చేయించుకోమని ఉత్తరం వస్తుంది. ఆ ట్రాన్స్ మ్యాన్ తనే గుర్తుపెట్టుకుని వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడనుకోండి. నమూనా మీద ‘పురుషుడు’ అని చూసిన ల్యాబ్, ఎక్కడో పొరపాటు జరిగిందని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. పోస్టరు మీద ఎంత ఉదారంగా ‘అందరూ’ అని రాసినా, సాఫ్ట్‌వేర్‌లో రెండే గడులుంటే ఆ పోస్టరు గోడకి అందం తప్ప ఎందుకూ కొరగాదు.

దీనికి మందు భాషలో కాదు, రికార్డులో ఉంది. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇచ్చిన మార్గదర్శకాలు అవయవాల జాబితా అనే పద్ధతిని సూచించాయి. ఈ మనిషికి గర్భసంచి ఉందా, ముఖద్వారం ఉందా, రొమ్ము కణజాలం ఉందా, ప్రోస్టేట్ ఉందా అని విడివిడిగా రాసుకోవడం. అలా రాసుకున్నాక పిలుపు ఉత్తరంలో ‘మహిళలు’ గొడవా లేదు, ‘వ్యక్తులు’ గొడవా లేదు. ‘ఫలానా గారూ, మీకు పరీక్ష సమయం వచ్చింది’ అంటే సరిపోతుంది. పేరుపెట్టి పిలిచాక మిగతా బిరుదులెందుకు?

పిలుపు అందాక కూడా ట్రాన్స్ మ్యాన్‌కి పరీక్ష సులువు కాదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ వాడటం వల్ల లోపలి పొర పలచబడి, ఎండిపోతుంది. నొప్పి ఎక్కువ, తీసిన నమూనా పనికిరాకపోవడమూ ఎక్కువ. 2014లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ట్రాన్స్ పురుషుల పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) నమూనాల్లో 10.8 శాతం పనికిరాకుండా పోతే, మహిళల్లో అది 1.3 శాతమే. మళ్ళీ రమ్మంటే ఎంతమంది వస్తారు? ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో చూడటానికి ఎవరి నమూనా వాళ్ళే తీసుకుని ఇచ్చే పద్ధతి ఇక్కడ పెద్ద ఊరట. ఆస్ట్రేలియా 2022 జులై నుంచి ఈ వెసులుబాటును అర్హులైన అందరికీ ఇచ్చింది. ట్రాన్స్ వ్యక్తులకే కాదు, డాక్టరు ముందు సిగ్గుతో బిగుసుకుపోయే ఎందరో మహిళలకు కూడా అది టెన్షన్ తగ్గించింది.

ఇంతవరకూ ట్రాన్స్ వ్యక్తుల గురించే మాట్లాడుకున్నాం. ‘అంత కొద్దిమంది కోసం ఇంత తంటానా’ అని ఎవరైనా అనొచ్చు. కానీ అవయవం పేరు స్పష్టంగా చెప్పడం వల్ల ఎక్కువ లాభం వేరేవాళ్ళకి. గర్భసంచి తీయించుకున్న మహిళలనే తీసుకోండి. ఆ ఆపరేషన్ ఒక్కటి కాదు. ముఖద్వారంతో సహా మొత్తం తీసేయడం ఒక రకం. పైభాగం తీసి ముఖద్వారాన్ని ఉంచేయడం ఇంకో రకం. మొదటి రకం క్యాన్సర్ సంబంధం లేని కారణంతో జరిగితే సాధారణంగా ఇక స్క్రీనింగ్ అక్కర్లేదు. రెండో రకమైతే ఇంకా అవసరమే. ‘గర్భసంచి తీసేశారు’ అన్నంత వరకే చాలామందికి తెలుసు. ‘మహిళలందరూ రండి’ అంటే మొదటి రకంవాళ్ళు అనవసరంగా వస్తారు, రెండో రకంవాళ్ళు ‘నాకు తీసేశారుగా’ అని ఇంట్లో ఉండిపోతారు. వీళ్ళిద్దరికీ కావలసిన వాక్యంలో మహిళ అన్న మాటా ఉండాలి, ముఖద్వారం అన్న మాటా ఉండాలి.

రొమ్ము క్యాన్సర్‌లో కథ ఇంకో రకం. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది మహిళలకు అది బయటపడింది. మొత్తం కేసుల్లో అర శాతం నుంచి ఒక శాతం వరకూ మగవాళ్ళవి. శాతంగా చూస్తే చిన్నదే గానీ మనుషులుగా లెక్కపెడితే వేలల్లో తేలతారు. గులాబీ రిబ్బను, గులాబీ బెలూన్లు, గులాబీ టీషర్టుల మధ్య పెరిగిన మగవాడికి చనుమొన వెనక గట్టిగా ఏదో తగిలితే ఏమనుకుంటాడు? కొవ్వు గడ్డ అనుకుంటాడు. అమెరికన్ నటుడు రిచర్డ్ రౌండ్‌ట్రీ 1993లో తనకు రొమ్ము క్యాన్సర్ ఉందని తెలుసుకున్నారు. తెరమీద మగతనానికి మారుపేరుగా నిలిచిన మనిషి. ఆ తర్వాత దాని గురించి బయటికి మాట్లాడారు కూడా.

తెలుగులో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మగవాళ్ళకి మనం రొమ్ము అనం, ఛాతీ అంటాం. ‘పురుషుల్లో రొమ్ము క్యాన్సర్’ అన్న శీర్షిక చూసి అచ్చుతప్పు అనుకున్నవాళ్ళని నేనెరుగుదును. పోనీ ఛాతీ క్యాన్సర్ అందామా? ఊపిరితిత్తుల జబ్బు అనుకుంటారు. ఇక్కడ కలుపుకుపోయే మాట కనిపెట్టడం కంటే, ‘మగవాళ్ళకీ చనుమొన వెనక కొంచెం రొమ్ము కణజాలం ఉంటుంది’ అని తిన్నగా ఒక వాక్యం ఎక్కువ రాయడమే మేలు. ఆడ హార్మోన్లు వాడే ట్రాన్స్ మహిళల సంగతీ అంతే. నెదర్లాండ్స్‌లో 2,260 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం, వాళ్ళకు రొమ్ము క్యాన్సర్ ముప్పు మగవాళ్ళకంటే 46 రెట్లకు పైగా ఎక్కువనీ, మిగతా మహిళలతో పోలిస్తే మూడో వంతులోపేననీ చెప్పింది. మొదటి అంకె ఒక్కటే చెప్తే భయపెట్టినట్టు, రెండోది ఒక్కటే చెప్తే జోకొట్టినట్టు. రెండూ కలిపి చెప్పాలి.

ఒకే ఒక లింగానికి ముడిపెట్టడం వల్ల జరిగిన నష్టానికి హెచ్‌పీవీ టీకాని మించిన ఉదాహరణ లేదు. 2006లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు అది ఆడపిల్లలకూ యువతులకూ మాత్రమే. మగవాళ్ళకు 2009లో అనుమతించారు. బ్రిటన్‌లో ఆడపిల్లలకు 2008లో మొదలైతే, మగపిల్లలు 2019 దాకా ఆగాలి. ముందు ఆడపిల్లలకే ఇవ్వడానికి లెక్కలున్నాయి, అవి తప్పని అనను. కానీ ఆ పదేళ్ళలో అది ‘అమ్మాయిల టీకా’ అయిపోయింది. ఆ వైరస్ గొంతులో, మలద్వారంలో, పురుషాంగం మీద కూడా క్యాన్సర్ తెస్తుందన్న సంగతి తల్లిదండ్రుల చెవికెక్కలేదు. ఒక పేరు స్థిరపడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం టీకా కనిపెట్టడం కంటే కష్టం.

మగవాళ్ళ వైపు తిరిగితే ఒక మాట ఒప్పుకోవాలి. మార్పులన్నీ ‘మహిళ’ అన్న మాట మీదే జరుగుతున్నాయేమిటని అడిగేవాళ్ళ ప్రశ్నలో న్యాయముంది. ఎన్‌హెచ్ఎస్ అండాశయ క్యాన్సర్ సమాచారం మారిన రోజుల్లో ప్రోస్టేట్ సమాచారంలో ‘మగవాళ్ళు’ చెక్కుచెదరకుండా ఉన్నారని విమర్శకులు ఎత్తిచూపారు. మన దగ్గర దాన్ని పౌరుష గ్రంథి అని కూడా రాస్తారు. అవయవం పేరులోనే మగతనాన్ని నాటేశాం. స్త్రీగా బతుకుతున్న మనిషికి ‘మీ పౌరుష గ్రంథిని చూపించుకోండి’ అని ఏ ముఖంతో రాస్తాం? నేనైతే ప్రోస్టేట్ అనే రాస్తున్నాను. అది అందరికీ కొత్త మాటే కాబట్టి ఎవరినీ నొప్పించదు.

ఇక ఇంగ్లీషువాళ్ళు తలలు పగలగొట్టుకుంటున్న వ్యాకరణం గురించి. తెలుగు ఈ గొడవలో సగం ఎప్పుడో వదిలించుకుంది. ఏకవచనంలో మనకు పక్షపాతం ఉన్నమాట నిజమే. అన్న పడిపోయాడు. అక్క పడిపోయింది, చెట్టూ పడిపోయింది. మగవాళ్ళు మహత్తులు, ఒక్కతే అయితే ఆడమనిషి అమహత్తుల వరసలో చెట్లతో పుట్టలతో నిలబడాలి. కానీ బహువచనంలోకి రాగానే అందరూ పడిపోయారు. గౌరవంగా మాట్లాడినా అంతే, డాక్టరుగారు వచ్చారు అంటే ఆవిడో ఆయనో తెలియదు. కరపత్రాల భాష ఎప్పుడూ ‘మీరు’ కాబట్టి, ‘చేయించుకోండి’ అనగానే ఆడా మగా ప్రసక్తి లేకుండా వాక్యం పూర్తవుతుంది. అసలు కర్తే అక్కర్లేదు.

ఈ సుఖమే మన కొంప ముంచుతుంది. కర్త లేని వాక్యం ఎవరికీ అభ్యంతరంగా ఉండదు, ఎవరికీ తగలదు కూడా. పెద్దమ్మకు వచ్చిన మెసేజ్ అచ్చం అలాంటిదే. అందులో ఎవరినీ వదిలేయలేదు, ఎవరినీ పిలవనూ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అలాంటి మెసేజ్ ఒకటి రాసే పని నాకే వచ్చింది. ‘25 ఏళ్ళు దాటిన మహిళలు’ అని మొదలుపెట్టాను. ‘సర్వైకల్’ కొట్టేసి ‘గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్’ అని రాశాను. గర్భాశయం అంటే పుస్తకం భాష, ఇళ్ళలో అనేది గర్భసంచే. ‘మహిళలు, గర్భసంచి ముఖద్వారం ఉన్న ప్రతి ఒక్కరూ’ అని రాస్తే నాతో పనిచేసే అమ్మాయి, ‘‘ఇదేంటండీ, మహిళలు వేరే, గర్భసంచి ఉన్నవాళ్ళు వేరేనా?’’ అంది. ఆస్ట్రేలియాలో ఇదే పద్ధతి వాడతారు. బ్రిటన్‌లో బ్రైటన్ ఆసుపత్రులు 2021లో ప్రసూతి సేవల కోసం తీసుకున్న దారీ ఇదే. ఉన్న మాట తీసేయకుండా పక్కన ఇంకోటి చేర్చడం. మంచి రాజీ. కానీ తెలుగులో ఆ కామా దగ్గర చదివేవాళ్ళు తడబడుతున్నారు. అందుకని రెండు వాక్యాలుగా విడగొట్టాను. మొదటిది మహిళల కోసం. రెండోది ఇలా: ‘మీరు ట్రాన్స్ పురుషులైనా, గర్భసంచి ఆపరేషన్ అయినవారైనా, ముఖద్వారం ఇంకా ఉంటే మీకూ ఈ పరీక్ష కావాలి. ఉందో లేదో తెలియకపోతే డాక్టరును అడగండి.’

అచ్చుకు పంపే ముందు పెద్దమ్మకి చూపించాను. ట్రాన్స్ పురుషులంటే ఎవరని అడిగింది. చెప్పాను. ‘‘అయ్యో, మరి వాళ్ళు ఏ లైన్లో నిలబడతారు?’’ అంది. రెండో వాక్యం మళ్ళీ ఒకసారి చదువుకుంది. లేచి వెళ్ళి బీరువా అడుగు అరలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చింది. పదకొండేళ్ళ కిందటి ఆపరేషన్ కాగితాలు. మడతల దగ్గర చిరిగిపోయిన డిశ్చార్జ్ షీటు మీద వేలు పెట్టి, ‘‘ఇక్కడ ఏమని రాశారో చూడు’’ అంది. డాక్టరు చేతిరాత పోల్చుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. సబ్‌టోటల్ అని ఉంది. ముఖద్వారం తీయలేదు.